వర్గమూలము: ఇటుకపలక నుండి లెక్కయంత్రము వఱకు



నలుచదరముగా నున్న యెకరము మడిని అన్నదమ్ము లిద్దఱు పంచుకొనుచున్నారనుకొందము. అన్న తన సగభాగము గూడ నలుచదరముగనే యుండవలె నన్నాడు. దాని భుజమెంత? పాతభుజమును సగము చేసిన చాలునని తలంచువారు పెక్కండ్రు. అట్లు కొలిచినచో అన్నకు దక్కునది సగము గాదు, నాలవ వంతు మాత్రమే. ఈ పొరపాటు తీర్పు చెప్పు పెద్దల నోట వచ్చినచో, దాని నష్టమును బిడ్డలు గూడ అనుభవింతురు. కావున వర్గమూలము పండితుల వినోదము మాత్రమే కాదు, న్యాయమునకును సంబంధించినది. దాని చరిత్రమును సంగ్రహముగా మనవి చేసెదను.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనమైనది. బాబిలోనియా దేశపు మట్టిపలక యొకటి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నది. అది సుమారు 3,700 ఏండ్ల నాటిది. దానిపై నొక చదరమును గీసి, భుజమునకును కర్ణమునకును గల నిష్పత్తిని, అనగా రెండు యొక్క వర్గమూలమును, వ్రాసియుంచిరి. అది అయిదు దశాంశస్థానముల వఱకు సరిగా నున్నది.

మన దేశమున యజ్ఞవేదికలను నిర్మించువారికి, చదరపు వైశాల్యమును ఇనుమడింపజేయుట యెట్లను ప్రశ్న కలిగెను. బౌధాయన శుల్బసూత్రము చూపిన తెఱవ యిది: భుజమునకు దానిలో మూడవ వంతు చేర్చుము, ఆ మూడవ వంతులో నాలవ వంతును చేర్చుము, ఈ నాలవ వంతులో ముప్పదినాలవ వంతును తీసివేయుము. భుజము 1 అయినచో వచ్చు ఫలము 1.4142156. నిజమైన విలువ 1.4142135. త్రాటితో కొలుచువారి కింతకంటె సూక్ష్మత యేల?

క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరవాసి యగు హెరాన్ మఱియొక పద్ధతిని వివరించెను. ఆయన 720 యొక్క మూలమునకై మొదట 27 అని యూహించి, 720ని 27చే భాగించి, లబ్ధమగు 26 2/3ను 27తో కలిపి సగము చేసెను. వచ్చినది 26 5/6. దానిని వర్గించినచో 720 కంటె 1/36 మాత్రమే హెచ్చు.

499లో ఆర్యభటుడు అంకె వెంట అంకెను రాబట్టు మార్గమును సూత్రీకరించెను. 4761ని చూడుడు. 47లో ఇముడు పెద్ద వర్గము 36, మూలము 6. శేషము 11 ప్రక్కన 6 దింపిన 116. దానిని 6కు రెట్టింపగు 12చే భాగించిన లబ్ధము 9, శేషము 8. ప్రక్కన 1 దింపిన 81. అందుండి 9 యొక్క వర్గమును తీసివేసిన శేషము సున్న. మూలము 69. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు ఋణసంఖ్యకు వర్గమూలము లేదని గూడ స్పష్టపఱచెను. ఆయన గణితసారసంగ్రహమును తెలుగుపద్యములుగా సంతరించినవాడు మన పావులూరి మల్లన. లెక్కను సైతము పద్యముగా కంఠస్థము చేయగలుగుట తెలుగువారికి లభించిన భాగ్యమని నేను తలంచెదను.

1972లో హ్యూలెట్ పాకార్డ్ సంస్థవారు జేబులో నిముడు లెక్కయంత్రమున వర్గమూలమునకు ప్రత్యేకముగా నొక మీట నుంచిరి. మీట నొక్కినంతనే ఫలము కనబడును గాని, లోపల జరుగునది మంత్రము కాదు. 1, 3, 5 కలిపిన 9 యగునట్లు, బేసిసంఖ్యలను వరుసగా కూడిన వర్గములే వచ్చును. ఆ సంస్థవారి యంత్రములు బేసిసంఖ్యలను తీసివేయుచు అంకె వెంట అంకెను రాబట్టెడివి. ఇది ఆర్యభటుని మార్గమునకు చుట్టమే.

మీట లేని చిన్నయంత్రముతోను పని జరుగును. ఎకరమునకు 4840 చదరపు గజములు. మొదట 70 అని యూహింపుడు. 4840ని 70చే భాగించిన 69.1428, రెంటిని కలిపి సగము చేసిన 69.5714. మఱియొకమాఱు ఇట్లే చేసిన 69.5701. ఇది హెరాన్ పద్ధతియే. ఇక అన్నగారి వాటా 2420 చదరపు గజములు. దాని భుజము రమారమి 49.19 గజములు. పాతభుజములో సగమైనచో 34.79 గజములే యగును. భేదమును మీరే చూడుడు.

యంత్రము చెప్పినదైనను, కరణము చెప్పినదైనను, వచ్చిన ఫలమును దానిచేతనే గుణించి చూడుడు. మొదటి సంఖ్య తిరిగి వచ్చినచో నమ్ముడు. రానిచో గట్టురాయి పాతనీయకుడు.