నర్సు చేతికి ప్రిస్క్రిప్షన్: నర్స్ ప్రాక్టీషనర్ చదువూ, దళిత మహిళల ముందున్న మెట్లూ

రాత్రి రెండు గంటలకు ఐసీయూలో రోగి ఆక్సిజన్ పడిపోతే మొదట గమనించేది నర్సు. డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసేదీ, ఆయన వచ్చేలోపు మాస్క్ మార్చేదీ, ఫోన్‌లో చెప్పిన మందు ఇచ్చేదీ ఆమే. తెల్లారాక కేస్ షీట్‌లో ఆ మందు కింద సంతకం మాత్రం డాక్టర్‌ది. రాత్రంతా ఆమె చేసిన పనిలో సగం నిర్ణయాలే. అయినా ఆమె నిర్ణయం తీసుకున్నట్టు ఎక్కడా రాసి ఉండదు. చేస్తున్న పనికీ, కాగితం మీద ఉన్న అధికారానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని పీజీ చదువుతోనూ చట్టంతోనూ తగ్గించే ఏర్పాటు పేరే నర్స్ ప్రాక్టీషనర్.

మన దేశంలో ఈ చదువు ఏమిటి, ఎవరు చేరవచ్చు, చేరితే ఏం దక్కుతుంది, దళిత విద్యార్థినులకు ఎక్కడ అడ్డం పడుతుంది అన్నవి ఒకచోట పెట్టాలన్నది మా ప్రయత్నం. నర్సింగ్‌లో కులం గురించి పరిశోధన చేస్తున్నవాళ్లుగా ఒక మాట ముందే చెబుతున్నాం: ఈ కోర్సు గురించి ఇప్పుడు జరుగుతున్న చర్చ దాదాపు అంతా డాక్టర్ల కొరత చుట్టూనే తిరుగుతోంది. నర్సు ఎవరు, ఆమె ఏ వాడ నుంచి వచ్చింది అన్న ప్రశ్న అందులో వినిపించదు.

మొదలైంది ఎక్కడ

1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నర్సు లొరెటా ఫోర్డ్, పిల్లల డాక్టర్ హెన్రీ సిల్వర్ కలిసి ఈ శిక్షణ మొదలుపెట్టారు. డాక్టర్లు అందని పేద కుటుంబాల పిల్లలను నర్సులే పరీక్షించి, మామూలు జబ్బులకు వైద్యం చేయగలగాలన్నది ఉద్దేశం. మొదట అది చిన్న సర్టిఫికెట్ శిక్షణ. క్రమంగా మాస్టర్స్ డిగ్రీ అయింది, తర్వాత డాక్టరేట్ వరకు వెళ్లింది. ఇప్పుడక్కడ రిజిస్టర్డ్ నర్సు బీఎస్సీ స్థాయి డిగ్రీ తర్వాత మాస్టర్స్ గానీ, డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్ గానీ చేసి, జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష రాసి ప్రాక్టీషనర్ అవుతుంది. ఏ విభాగం తీసుకున్నా మూడు సబ్జెక్టులు తప్పవు: పై స్థాయి రోగనిర్మాణ శాస్త్రం, ఔషధ శాస్త్రం, శారీరక పరీక్ష. కుటుంబ ఆరోగ్యం, పసిపిల్లలు, మానసిక ఆరోగ్యం వంటి విభాగాల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. సగానికి పైగా రాష్ట్రాల్లో వీరు డాక్టర్ పర్యవేక్షణ లేకుండానే రోగిని చూసి మందులు రాయవచ్చు.

పేదలకు రెండో రకం వైద్యమా అన్న అనుమానం అక్కడా వచ్చింది. 2000లో జామా పత్రికలో మేరీ మండింగర్ బృందం ప్రచురించిన అధ్యయనంలో 1,316 మంది రోగులను యాదృచ్ఛికంగా కొందరిని డాక్టర్ల దగ్గరికీ, కొందరిని నర్స్ ప్రాక్టీషనర్ల దగ్గరికీ పంపి పోల్చారు. ఇద్దరికీ సమానమైన అధికారం ఇచ్చిన ఆ ప్రాథమిక వైద్యంలో రోగుల ఆరోగ్య ఫలితాలు దాదాపు ఒకేలా వచ్చాయి. సమానమైన అధికారం అన్న షరతును గుర్తుపెట్టుకోండి, మన దేశం దగ్గరికి వచ్చేసరికి దానితో పని పడుతుంది.

అంబేద్కరైట్ విద్యార్థులు తెలుసుకోవలసిన మరో పేరు ఎస్టెల్ మాసీ ఆస్‌బోర్న్. నర్సింగ్‌లో మాస్టర్స్ డిగ్రీ పొందిన మొదటి నల్లజాతి అమెరికన్ ఆమె. 1931లో కొలంబియా విశ్వవిద్యాలయ టీచర్స్ కాలేజీ నుంచి ఆ డిగ్రీ తీసుకున్నారు. రోజెన్‌వాల్డ్ ఫండ్ ఇచ్చిన స్కాలర్‌షిప్ ఆమె చదువుకు ఆధారం. నల్లజాతి స్త్రీలు అప్పటికే తరాలుగా రోగుల సేవ చేస్తున్నారు, పీజీ తలుపు మాత్రం వాళ్లకు ఆలస్యంగా తెరుచుకుంది.

మంత్రసాని నుంచి స్టాఫ్ నర్సు దాకా

తెలుగు ఊళ్లలో కాన్పు చేసే మంత్రసాని చాలాచోట్ల మాదిగ, మాల, మంగలి కులాల స్త్రీ. బొడ్డు కోయడం, మాయ పాతిపెట్టడం, నెత్తుటి గుడ్డలు ఉతకడం మైల పని కాబట్టి ఆ పని వాళ్లకు వదిలేశారు. బిడ్డ అడ్డం తిరిగితే సరిచేసే నేర్పు కూడా ఆ చేతుల్లోనే ఉండేది. దానికి మాత్రం విద్య అన్న పేరు ఎవరూ పెట్టలేదు. ఇతరుల మలమూత్రాలు ముట్టుకునే పని అనే చూపు వల్లే ఆధునిక నర్సింగ్‌ను కూడా అగ్రకులాలు చాలాకాలం దూరం పెట్టాయి. ఆ ఖాళీలోకి వచ్చినవాళ్లలో క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు ఎక్కువ, వాళ్లలో దళిత క్రైస్తవులు గణనీయంగా ఉన్నారు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆస్పత్రి కట్టించింది. ఇలాంటి మిషన్ ఆస్పత్రుల నర్సింగ్ స్కూళ్లు మాల, మాదిగ కుటుంబాల ఆడపిల్లలకు జీతం, తెల్లని యూనిఫాం, ఊరి బయటి ప్రపంచం ఇచ్చాయి.

ఏఎన్ఎం, జీఎన్ఎం వరకు ఈ దారి తెరుచుకుంది. పైమెట్లు వేరే లోకం. ఢిల్లీలోని రాజకుమారి అమృత్ కౌర్ నర్సింగ్ కళాశాలలో 1959లో ఎమ్మెస్సీ మొదలైంది. అప్పటి నుంచి నర్సింగ్ పీజీ అంటే ప్రధానంగా టీచర్ కావడమే. ఎమ్మెస్సీ చేసిన నర్సు కాలేజీలో ట్యూటర్ అవుతుంది, తర్వాత ప్రిన్సిపాల్ అవుతుంది. రోగి మంచం పక్కన ఉండాలనుకునే నర్సుకు ఎంత చదివినా వార్డులో అదనపు అధికారం రాదు. పీజీ చేసీ అదే స్టాఫ్ నర్సు పోస్టులో పనిచేస్తున్నవాళ్లు ప్రతి పెద్దాస్పత్రిలో కనిపిస్తారు.

ఇప్పుడున్న రెండు దారులు

మొదటిది నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన రెండేళ్ల పీజీ రెసిడెన్సీ ఇది. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, రిజిస్టరై, కనీసం ఏడాది క్లినికల్ అనుభవం ఉన్నవాళ్లు చేరవచ్చు. పాఠాలు తక్కువ, కోర్సులో చాలా భాగం ఐసీయూలోనే గడుస్తుంది. వెంటిలేటర్ సెట్టింగులు, రక్త పరీక్షల విశ్లేషణ, అత్యవసర మందులు, రోగి చరిత్ర తీసుకుని పరీక్షించడం నేర్పుతారు. ఎమ్మెస్సీకీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే: ఇది తరగతి గదికి కాక మంచం దగ్గరికి తిరిగి తీసుకొస్తుంది.

రెండోది నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ, 18 నెలల శిక్షణ. కేంద్ర ఆరోగ్యశాఖ 2018 డిసెంబర్‌లో దీనికి మార్గదర్శకాలు ప్రకటించింది. తెలంగాణ అంతకంటే ముందే, 2017లో, ఫెర్నాండెజ్ సంస్థ, యూనిసెఫ్ సహకారంతో కరీంనగర్‌లో నర్సులకు శిక్షణ మొదలుపెట్టింది. అనవసరపు సిజేరియన్లు తగ్గించి, మామూలు కాన్పులను మిడ్‌వైఫ్ స్వయంగా చేయడం దీని లక్ష్యం. పేరులో ప్రాక్టీషనర్ ఉన్నా ఇది పీజీ డిగ్రీ కాదు, డిప్లొమా. జీఎన్ఎం చేసినవాళ్లకు కూడా అందుబాటులో ఉండటం దీని బలం, పై చదువుకు మెట్టుగా లెక్కకు రాకపోవడం బలహీనత. మంత్రసాని నేర్పును ఒకప్పుడు మైల అని తోసేసి, ఇప్పుడు అదే నేర్పుకు సర్టిఫికెట్ ఇస్తున్నారు. ఆమె మనవరాలికి అందులో సీటు దొరికిందా అన్నది మేము అడుగుతున్న ప్రశ్న.

సంతకం ఎవరిది

ఇక్కడే చిక్కు. జాతీయ ఆరోగ్య విధానం 2017 నర్స్ ప్రాక్టీషనర్ల కేడర్ గురించి మాట్లాడింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో వచ్చింది. అయితే మందుల విషయం వేరే చట్టంలో ఉంది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం షెడ్యూల్ హెచ్ మందులు రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ రాస్తేనే అమ్మాలి. అందువల్ల క్రిటికల్ కేర్ ప్రాక్టీషనర్ ఆస్పత్రి ముందుగా రాసిపెట్టిన స్టాండింగ్ ఆర్డర్ల లోపలే మందు ఇవ్వగలదు. ఆ ఆర్డర్లు ఎంత విశాలంగా ఉండాలో ఆ ఆస్పత్రి డాక్టర్లూ యాజమాన్యమూ నిర్ణయిస్తారు. జామా అధ్యయనంలో ఫలితాలు సమానంగా వచ్చింది అధికారం సమానంగా ఉన్నచోట. మన దగ్గర బాధ్యత పెరుగుతుంది, అధికారం ఆస్పత్రి దయ మీద ఉంటుంది. తప్పు జరిగితే నిలబెట్టేది ఎవరినో వేరే చెప్పనక్కరలేదు.

2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్ కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చంటే డాక్టర్ల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. పేదలను ప్రయోగశాల చేయొద్దన్న వాదనలో నిజం ఉంది. కానీ దళితవాడలో జ్వరం వచ్చినవాళ్లు ఈ రోజు వెళ్తున్నది ఏ డిగ్రీ లేని ఆర్ఎంపీ దగ్గరికే. పోల్చవలసింది అతనితో. తెలంగాణ పల్లె దవాఖానాల్లోనూ, ఆంధ్రప్రదేశ్ విలేజ్ క్లినిక్‌లలోనూ బీఎస్సీ నర్సులు ఈసరికే మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్లుగా ఓపీ చూస్తున్నారు, అదీ కాంట్రాక్టు మీద. పీజీ చదువూ పర్మనెంట్ కేడరూ ఇవ్వవలసింది ముందు వీళ్లకు.

సీటు, ఫీజు, సర్టిఫికెట్

చిన్న లెక్క. ఒక కాలేజీలో ఒక స్పెషాలిటీకి ఐదు సీట్లు ఉన్నాయనుకోండి. ఎస్సీల 15 శాతం ముప్పావు సీటు. తెలంగాణలో 2025 నుంచి ఆ 15 శాతం మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5 శాతం. వర్గీకరణ న్యాయమైనదే, మేము దాన్ని సమర్థిస్తున్నాం. కానీ ఐదేసి సీట్లను విడివిడిగా లెక్కిస్తే అందరికంటే వెనుకబడిన గ్రూప్ వన్ అమ్మాయికి సీటు వచ్చేది ఏ ఇరవయ్యేళ్లకో. రాష్ట్రంలోని అన్ని కాలేజీల సీట్లను కలిపి, ఏటా కొనసాగే ఒకే రోస్టర్ పెడితేనే రిజర్వేషన్‌కు అర్థం ఉంటుంది. మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు రిజర్వేషన్ వర్తించదు. రాజ్యాంగంలోని 15(5) అధికరణ మైనారిటీ విద్యాసంస్థలను మినహాయించింది కాబట్టి, దళిత క్రైస్తవ నర్సుల చెమటతో నిలబడిన మిషన్ సంస్థల మీద కూడా ఎస్సీ కోటా ఒత్తిడి లేదు.

ఆ దళిత క్రైస్తవ అమ్మాయి సంగతి మరీ ఇరకాటం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఆమెను ఎస్సీగా గుర్తించదు. తెలుగు రాష్ట్రాల్లో ఆమెకున్నది బీసీ-సీ కింద ఒక్క శాతం. ఐదు సీట్లలో ఒక్క శాతం ఎంతో లెక్క వేయనక్కరలేదు. నర్సింగ్‌ను ఈ నేలమీద నిలబెట్టిన సముదాయానికి నర్సింగ్ పీజీలో దక్కుతున్న వాటా అది.

ఇక డబ్బు. కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్‌లో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. దాన్ని రద్దు చేయాలని విద్యార్థి సంఘాలు పోరాడుతూ వచ్చాయి. నర్సింగ్ విద్యార్థినులు ఆ ధర్నాల్లో తక్కువగా కనిపించడానికి కారణం ఆసక్తి లేక కాదు, షిఫ్టు డ్యూటీలు.

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. తెలంగాణ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఎస్సీ విద్యార్థులకు 20 లక్షల వరకు ఇస్తుంది. కేంద్ర నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా ఉంది. కానీ అమెరికాలో ప్రాక్టీషనర్ కోర్సులో చేరాలంటే ముందు అక్కడి ఆర్ఎన్ లైసెన్సు కావాలి, అంటే ఎన్‌క్లెక్స్ పరీక్ష గట్టెక్కాలి. లైసెన్సు లేకుండా ఏజెంట్ చూపించే అడ్మిషన్ లెటర్ చాలాసార్లు ప్రజారోగ్యమో, హెల్త్ అడ్మినిస్ట్రేషనో అయి ఉంటుంది. కోర్సు పేరు చివరి పదం దాకా చదవండి.

ఇక్కడే చేరేవాళ్లు ఫీజు కట్టకముందు కాలేజీని నాలుగు విషయాలు అడగాలి: నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉందా, డిగ్రీ ఏ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు మీద వస్తుంది, రెసిడెన్సీలో స్టైపెండ్ ఎంత, స్టాండింగ్ ఆర్డర్ల ప్రతి చూపిస్తారా. చివరిది అడిగితే చాలామంది నీళ్లు నములుతారు. అయినా అడగండి.

ఉద్యమంలో ఉన్న మిత్రులు చేయగలిగింది సమాచార హక్కు దరఖాస్తు. ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి, తెలంగాణకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి పంపాలి. గత ఐదేళ్లలో నర్సింగ్ పీజీలో కాలేజీ వారీగా, స్పెషాలిటీ వారీగా ఎన్ని సీట్లు, ఎస్సీ గ్రూపుల వారీగానూ బీసీ-సీలోనూ ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, నిండని రిజర్వుడు సీట్లను ఎవరికి ఇచ్చారు అని అడగాలి. మిడ్‌వైఫరీ శిక్షణకు ఎంపికైన నర్సుల వివరాల కోసం రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలకు విడిగా దరఖాస్తు పెట్టాలి.