ఇటుక రంగు నుంచి మూడు నెలల షుగరు దాకా

చీమలు పట్టే మూత్రాన్ని బట్టి మధుమేహాన్ని పోల్చుకోవడం మన పాత వైద్యులకు తెలుసు. 1776లో లివర్‌పూల్ డాక్టర్ మాథ్యూ డాబ్సన్ రోగి మూత్రాన్ని ఇగరబెట్టి, అడుగున మిగిలింది చక్కెరేనని తేల్చాడు. ఇదంతా జబ్బు ఉందో లేదో చెప్పడానికే. 1922లో టొరంటోలో ఇన్సులిన్‌ను తొలిసారి మనిషికి ఎక్కించాక, రోగులు ఏళ్ల తరబడి బతకడం మొదలైంది. దాంతో ఎంత మోతాదు ఇవ్వాలన్న ప్రశ్న రోజూ ఎదురైంది.

జవాబు బెనెడిక్ట్ ద్రావణంలో దొరికింది. 5 మి.లీ. నీలి ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి, ఆ గాజు గొట్టాన్ని మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచేవారు. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకు తిరిగితే బాగా ఎక్కువున్నట్టు.

చిక్కల్లా ఒకటే. రక్తంలో చక్కెర సుమారు 180 మి.గ్రా. దాటితేగాని మామూలుగా మూత్రంలోకి దిగదు. అంటే నీలి రంగు చూసి నిశ్చింతగా ఉండడానికి లేదు.

మన దేశంలో షుగరు రోగులను విడిగా చూసే పద్ధతికి తొలి అడుగుల్లో ఒకటి మద్రాసులో పడింది. 1948లో డాక్టర్ ఎం. విశ్వనాథన్ స్టాన్లీ ఆస్పత్రిలో ప్రత్యేక క్లినిక్ తెరిచారు.

వేలి చుక్క రక్తంతో చూసే డెక్స్‌ట్రోస్టిక్స్ పట్టీలు 1960లలో వచ్చాయి. వాటి రంగును చదివే తొలి మీటరును డాక్టర్లకే అమ్మేవారు. చిన్నప్పటి నుంచీ షుగరున్న అమెరికన్ ఇంజినీరు రిచర్డ్ బెర్న్‌స్టీన్, డాక్టరైన భార్య పేరు మీద దాన్ని తెప్పించుకుని, రోజుకు పలుమార్లు చూసుకుంటూ ఇన్సులిన్ సర్దుకున్నాడు. తన మాట వైద్యుల చెవికెక్కడం లేదని నలభై దాటాక వైద్యకళాశాలలో చేరాడు.

మీటరు చెప్పేది ఆ క్షణం సంగతి. పరీక్షకు ముందు రెండు రోజులు నోరు కట్టుకుంటే అంకె తగ్గుతుంది. 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహబర్ షుగరు రోగుల హిమోగ్లోబిన్‌లో ఒక తేడా గమనించాడు. చక్కెర అంటుకున్న ఆ హిమోగ్లోబినే నేటి హెచ్‌బీఏ1సీ. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు నాలుగు నెలలు కాబట్టి, ఈ పరీక్షలో రెండు మూడు నెలల సగటు బయటపడుతుంది.

ఆ సగటును దించితే ఫలితమేమిటి? అమెరికా, కెనడాలలో 1,441 మంది టైప్ 1 రోగులపై జరిగిన డీసీసీటీ అధ్యయనం 1993లో బదులిచ్చింది: కంటి, మూత్రపిండాల, నరాల దెబ్బ బాగా తగ్గుతుంది. అందుకే ఇవాళ చెకప్‌లో షుగరుతో పాటు రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్, అరికాలి స్పర్శ కూడా ఏటా చూస్తారు. టైప్ 1 వారికి కంటి పరీక్ష జబ్బు మొదలైన ఐదేళ్లలోపు మొదలైతే చాలు. టైప్ 2 వారికి మాత్రం జబ్బు బయటపడగానే చేస్తారు, అప్పటికే అది ఏళ్లుగా లోపల ఉండి ఉండవచ్చు గనుక.