భక్తికి వరుస: కేస్లాపూర్ నాగోబా, వేములవాడ రాజన్న ఆరాధనల్లో విధి

భక్తికీ విధికీ మధ్య గల వైరాన్ని చెప్పవలసి వచ్చినప్పుడల్లా మన సాహిత్య విమర్శ కన్నప్ప కథను ఆశ్రయిస్తుంది. పాల్కురికి సోమనాథుడు ‘బసవపురాణం’లోను, ధూర్జటి ‘శ్రీకాళహస్తి మాహాత్మ్యం’లోను చెప్పిన ఈ కథలో పుక్కిటి నీరు అభిషేకమవుతుంది, మాంసం నైవేద్యమవుతుంది. ఇందులోనుంచి శాస్త్రం చదవనివారి భక్తికి విధి ఉండదనీ, విధి పురోహితుని సొత్తు మాత్రమేననీ ఒక అభిప్రాయం బలపడింది. నిజానికి కన్నప్ప సైతం ప్రతిదినం నీరు, పూలు, మాంసం తప్పకుండా తెచ్చినవాడే. అతనిది విధి లేని భక్తి కాదు, వేరొక విధి గల భక్తి. ఉత్తర తెలంగాణ ఆరాధనా సంప్రదాయాలు ఈ సంగతిని మరింత స్పష్టం చేస్తాయి.

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాటి రాత్రి మెస్రం వంశీయులైన గోండులు నాగోబాకు మహాపూజ చేస్తారు. ఆ రాత్రికి చేరుకోవడానికి ముందు గడవవలసిన క్రమం చాలా పెద్దది. సిరికొండ కుమ్మరులకు కుండలు చేయమని చెప్పిరావాలి. జన్నారం ప్రాంతంలోని హస్తిన మడుగు నుండి గోదావరి జలాన్ని ఝరిలో కాలినడకన తేవాలి. దారిలో ఇంద్రాదేవిని కొలవాలి. కేస్లాపూర్ చేరిన తరువాత కూడా నేరుగా గుడిలోకి పోరు. మర్రిచెట్టు కింద విడిది చేస్తారు. కోనేటి నీటితో మట్టిని తడిపి పుట్టను సిద్ధం చేసే పని ఆడపడుచులది, అల్లుళ్లది. ఎవరి పని వారిదే. ఎంతటి భక్తి ఉన్నా ఒకరి పని మరొకరు చేయరు. ఈ క్రమాన్ని నిర్దేశించే ఆగమ గ్రంథం లేదు. వంశ పెద్దల జ్ఞాపకం, కిక్రి వాయిస్తూ ప్రధానులు పాడే దైవగాథలే దానికి ప్రమాణం. దైవం చెప్పిన వరుస కనుక దానిని మార్చే అధికారం తమకు లేదన్నది వారి విశ్వాసం.

ఇక్కడ అన్నిటికంటే ఆలోచింపజేసేది ‘భేటి’. మెస్రం ఇంటికి వచ్చిన కొత్త కోడళ్లను పెద్దలు నాగోబాకు పరిచయం చేస్తారు. ఆ పరిచయం జరిగిన తరువాతే కోడలికి వంశ దైవాన్ని కొలిచే అర్హత సిద్ధిస్తుంది. ఆమె మనసులోని భక్తిని ఇక్కడ ఎవరూ శంకించరు. అయితే ఆ భక్తి వ్యక్తిగతమైనంత కాలం అది నాగోబా పూజ కాదు. విధి ఆమెను దేవునితో పాటు వంశానికీ కలుపుతుంది. అర్హతను స్త్రీ విషయంలో వివాహంతో ముడిపెట్టడం ఈ విధిలోని కట్టడి అన్న మాట కూడా చెప్పుకోవాలి. పూజ ద్వారా బంధుత్వాన్ని నిలుపుకునే వ్యవస్థలో ఈ రెండూ కలిసే ఉంటాయి.

పాత కరీంనగర్ జిల్లాలోని వేములవాడలో ఆలయ అర్చకుల విధి ఒకటి, మొక్కుబడి విధి మరొకటి. ధర్మగుండంలో స్నానం, కోడెతో ప్రదక్షిణ, కోడెను కట్టివేయడం, ఆపై రాజన్న దర్శనం – ఇది రైతు కుటుంబాల వరుస. మేడారం సమ్మక్క జాతరకు పోయేవారు ముందుగా రాజన్నను దర్శించుకోవడం మరొక ఆచారం. రెండు వేర్వేరు క్షేత్రాలను ఒక క్రమంలో కూర్చినది ఏ స్థలపురాణమో కాదు, జనమే.

1940లో కుమ్రం భీం మరణించిన తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులను అధ్యయనం చేయడానికి హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ప్రజా దర్బారు ఆ నేపథ్యంలోనే కేస్లాపూర్ జాతరలో చేరింది. అధికారులు వచ్చే ఆ దర్బారు నేటికీ మహాపూజ ముగిసిన తరువాతే జరుగుతుంది. ప్రభుత్వం కూడా ఆ వరుసలో తనకు దక్కిన చోటనే కూర్చున్నదన్నమాట. 2022లో మెస్రం వంశీయులు తమ చందాలతో నాగోబాకు కొత్త రాతి ఆలయం కట్టుకున్నారు. కట్టడం మారింది కానీ, కుండలు ఇప్పటికీ సిరికొండ నుండే వస్తున్నాయి.