పన్ను లెక్క చెప్పువారెవరు?



పన్ను చెల్లించువానికి రెండు కష్టములు కలవు. ధనము సమకూర్చుకొనుట యొకటి. తాను చెల్లింపవలసినది యెంతయో, ఏలనో తెలిసికొనుట రెండవది. మొదటిది అందఱికిని కనబడును, రెండవది కనబడదు. లెక్క తెలియనివాడు బాకీ లేకున్నను బాకీదారుడే యగును. ఈ రెండవ కష్టమును తీర్చుటకు మన దేశమున జరిగిన యత్నములను కొన్నిటిని నేడు మనవి చేసెదను.

మన హుజూరాబాదునకు ఓరుగల్లు దూరము కాదు. అచ్చట నేలిన కాకతీయ గణపతిదేవుడు 1244-45లో సముద్రతీరమందలి మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. గాలివానకు చెడి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకునెల్ల పూర్వరాజులు హరించుచుండిరి. గణపతిదేవుడు అట్లు చేయక, తగిన సుంకమును మాత్రమే గైకొందునని మాటయిచ్చి, సరకుల సుంకములను ఱాతిపై చెక్కించెను. వర్తకుడు దానిని చదువుకొని, రానిచో చదివించుకొని, అధికారియెదుట నిర్భయముగా నిలువవచ్చును.

ఆసఫ్‌జాహీల కాలమునకు వత్తము. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు, శిస్తు వసూలును గుత్తదారుల చేతులనుండి తప్పించి, జిల్లాలను తాలూకాలను ఏర్పఱచి, జీతముగల ఉద్యోగులను నియమించెను. ఏర్పాటు మంచిదే. కాని దప్తరపు భాష తొలుత పారసీకము, 1880ల నుండి ఉర్దూ. రైతు ఇంట తెలుగు, కచేరిలో ఉర్దూ. ఈ రెంటి నడుమ నిలిచినవారు పట్వారియు, అర్జీలు వ్రాయువాడును. వారిలో ధర్మాత్ములును కలరు. అయినను వారు చెప్పినదే గష్తీ, వారు వ్రాసినదే లెక్క. సరిచూచుకొను సాధనము రైతునకు లేదు.

1921 నవంబరులో హైదరాబాదున జరిగిన యొక సభలో, తెలుగున ప్రసంగింపబోయిన ఆలంపల్లి వేంకటరామారావుగారిని గేలిచేసిరి. ఆ పరాభవమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు దానికి కార్యదర్శి. ఆ సంఘము భాషాభిమానముతో తృప్తిపడక, మొహతర్ఫా, వెట్టిచాకిరి, వర్తక స్వాతంత్ర్యము అను విషయములపై తెలుగులో చిన్న పుస్తకములను ప్రకటించెను. మొహతర్ఫా యనగా వృత్తులపై విధించు పన్ను. సాలెవాడు, తెలికవాడు తన పన్నునుగూర్చి తన భాషలో తెలిసికొనుట కిది మార్గమయ్యెను. అక్షరము రానివారికి చదివి వినిపించుటకు గ్రంథాలయములు తోడ్పడవలెనని అప్పటి పెద్దల తలంపు. పొరుగున హనుమకొండలోని రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904 నాటికే స్థాపింపబడి యుండెను.

ఇక ఆదాయపు పన్ను. బ్రిటిషు ఇండియాలో ఇది 1860లోనే వచ్చెను. హైదరాబాదు సంస్థానము తనకంటూ ఆదాయపు పన్ను చట్టమును చేసికొన్నది ఫసలీ 1357లో, అనగా 1947-48లో. 1950 ఏప్రిల్ 1 నుండి దాని స్థానమున భారత ఆదాయపు పన్ను చట్టము ఇచ్చట అమలులోనికి వచ్చెను. సేద్యపు రాబడిపై కేంద్రము పన్ను విధింపదు. కాని జమ్మికుంటలో పత్తి వ్యాపారము చేయు రైతు, ఆ వ్యాపారపు లాభమునకు లెక్క చెప్పవలసినదే.

ఇందొక విశేషము కలదు. భూమి శిస్తు లెక్కను పట్వారి వ్రాసెను. ఆదాయపు లెక్కను చెల్లించువాడే వ్రాసి, ఇది నిజమని సంతకము చేయవలెను. తప్పు దొరలినచో అడుగునది వానినే. ఈ కారణముననే 2006లో కేంద్రప్రభుత్వము పట్టభద్రులకు తరిఫీదునిచ్చి, రిటర్నులు నింపుటలో ప్రజలకు సహాయపడునట్లు ఒక పథకము నేర్పఱచెను.

నేడు కాగితము పోయి కంప్యూటరు వచ్చినది; ఉర్దూకు బదులు ఇంగ్లీషు కూర్చున్నది. నడిమివాడు మాత్రము పోలేదు. అతని సహాయము గైకొనుటలో లజ్జపడ నక్కఱలేదు. అయితే అతడు వ్రాసినదానిని తెలుగున చెప్పించుకొని వినుడు. వినక సంతకము చేయకుడు. ప్రతిని, రసీదును ఇంట భద్రపఱచుడు. ఎక్కువ సొమ్ము వాపసు ఇప్పింతునని, లేని ఖర్చులు చూపువానిని నమ్మకుడు. వాడు పోవును, సంతకము నిలుచును.

మోటుపల్లి శిల నేటికిని నిలిచియున్నది. పన్ను నడుగు ప్రభుత్వమునకు, దానిని చెల్లించువానికి తెలియు మాటలో చెప్పు బాధ్యతయు కలదని అది బోధించుచున్నది. ఆ మాట నడిగి తెలిసికొనుట మన బాధ్యత.