ఆకాశమునుండి తూచిన నేలనీరు

బాపులపాటి చుట్టుపట్ల మామిడితోటలో బోరు దింపించు రైతు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: అడుగున నీరెంత? ఆ ప్రశ్ననే భూమికి సుమారు 500 కిలోమీటర్ల ఎత్తునుండి అడిగిన వృత్తాంతమును నేడు మనవి చేయుదుము.

నీటికి బరువు గలదు. బరువు గలదానికెల్ల ఆకర్షణ గలదు. నేలలోని నీరు తరిగినచో ఆ తావున భూమ్యాకర్షణయు అణుమాత్రము తరుగును. దానిని పట్టుటెట్లు?

మన దేశమున ఆకర్షణను తొలుత లోలకముతో కొలిచిరి. సర్వేశాఖకు చెందిన కెప్టెన్ బసేవి 1865 మొదలుకొని లోలకములను తావునుండి తావునకు మోయించుకొనిపోయి వాని ఊపులను లెక్కించెను. ఆకర్షణ తగ్గినచోట లోలకము మందగించును. లడఖులో 15,000 అడుగులకు మించిన మోరే మైదానమున ఈ పని సాగించుచునే ఆయన 1871లో కన్నుమూసెను. అంతటి కొండనేల క్రింద ఉండవలసినంత ఆకర్షణ అచట కానరాలేదు. పర్వతముల అడుగున తేలికయగు శిల లోతుగా వేళ్లూనియుండుటయే అందులకు కారణము. ఒక ప్రాణమును బలిగొన్న అంకె యిది!

లోలకము చోటుచోటుకు గల భేదమును చెప్పెను గాని, నెలనెలకు కలుగు మార్పును దేశమంతటికి చెప్పజాలదు. అమెరికా, జర్మనీలు కలిసి 2002 మార్చి 17న పంపిన 'గ్రేస్' జంట ఉపగ్రహములు ఆ పనికి పూనుకొనినవి. ఇవి సుమారు 220 కిలోమీటర్ల ఎడముతో ఒకదాని వెనుక నొకటి పరుగిడినవి. బరువు హెచ్చిన తావు ఎదురైనప్పుడు ముందుది ముందుగా లాగబడును, ఎడము పెరుగును. పిమ్మట వెనుకదియు లాగబడును, ఎడము తగ్గును. వెండ్రుక మందములో పదియవవంతు మార్పునైన ఇవి పసిగట్టగలవు. మా వృత్తికి దగ్గరి చుట్టమైన రేడియో తరంగమే ఇచట కొలబద్ద యని చెప్పుకొనుటకు మాకు కొంత గర్వముగనే యున్నది. ఆ జంట 2017లో విరమింపగా, 2018 మే 22న మరియొక జంట ఎగసినది.

హైదరాబాదులో 1961లో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన తివారిగారును, అమెరికాలోని వార్, స్వెన్సన్ గార్లును ఈ కొలతలను పరిశీలించి 2009లో ఒక లెక్క ప్రకటించిరి. ఉత్తరభారతమును దాని పొరుగు ప్రాంతములను కలిపి చూడగా, 2002–2008 నడుమ ఏటేట సుమారు 54 ఘనకిలోమీటర్ల భూజలము తరిగిపోయినదట. అనగా 1,900 టీఎంసీలు. తొలి సామర్థ్యము 408 టీఎంసీలుగా గల నాగార్జునసాగరము నాలుగున్నర మారులు నిండునంత నీరు! వర్షము కంటె బోరుమోటార్లదే అందు పెద్దచేయి.

దక్షిణమున మాత్రము 2002–2013 నడుమ భూజలము మొత్తముమీద పెరిగినదని 2017లో మరియొక పరిశోధన తెలిపినది. ఇది విని మనవారు సంతసింపవచ్చును. అయితే ఈ త్రాసునకు మూడు నాలుగు వందల కిలోమీటర్ల వెడల్పుగల నేల యంతయు ఒక్క ముద్ద. నూజివీటి మెట్టతోటలు, కొల్లేరు, రెండు డెల్టాలు అందులో కలిసిపోవును. మండలములోని నీటిమట్టమును నేటికిని గొట్టపుబావిలో పరికరము దించి కొలువవలసినదే. దక్షిణమున నీరు పెరిగినదను లెక్క చూపి, బాపులపాటి రైతును మరియొక బోరు దింపుమని చెప్పు సాహసము మేము చేయము.