యంత్రములకు కావలి

నెల్లిమర్ల జూటుమిల్లు, గరివిడి ఫెర్రో అల్లాయిస్ కర్మాగారము ఉత్తరాంధ్రమున యంత్రయుగమునకు పాత గురుతులు. ఆ రోజులలో మిల్లును కాపాడుట యన్న ప్రహరీగోడ, గేటువద్ద కావలివాడు, నిప్పు నార్పుటకు ఇసుక బాల్చీలు. లోపలికి రానివాడు యంత్రమును చెరుపజాలడని అందరి నమ్మకము. ఆ నమ్మకము ఎట్లు సడలినదో ముచ్చటింతము.

తొలుత మీట నొక్కినది మనిషి చేయి. పిమ్మట వందలకొలది రిలేలను తీగెలతో కలిపి బీరువాలలో అమర్చినారు. పని మార్చవలెనన్న తీగెలన్నియు విప్పి మరల కలుపవలసి వచ్చెడిది. ఈ ఇబ్బంది తొలగించుటకు అమెరికాలో రిచర్డ్ మోర్లే బృందము 1969లో ‘మోడికాన్’ నియంత్రకమును సిద్ధపరచినది. నేడు పి.ఎల్.సి. అనునది ఆ జాతిదే. తీగెలకు మారుగా ఆజ్ఞలు వ్రాసిన చాలును. ఆ యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడుటకు 1979లో ‘మోడ్‌బస్’ పద్ధతి వచ్చినది. ‘ఆజ్ఞ ఇచ్చుచున్నది ఎవరు?’ అని అడుగు ఏర్పాటు అందులో లేదు. అది లోపమని నాడు తోచలేదు. నాలుగు గోడల నడుమ మాటలాడువారందరు ఇంటివారే గదా!

కాలక్రమమున యంత్రశాల ఆఫీసు కంప్యూటర్లతోను, ఆఫీసు ఇంటర్నెట్టుతోను కలిసినవి. తలుపు లేని గది వీధిని పడినది.

దీని ఫలము 2010లో లోకమునకు తెలిసినది. ఇరాన్ దేశమున నతాంజ్ యురేనియమ్ కేంద్రమును గురిచేసిన ‘స్టక్స్‌నెట్’ అను దుష్టప్రోగ్రాము, ఇంటర్నెట్టు లేని చోటికిని పెన్‌డ్రైవు ద్వారా చేరగలదు. అది సెంట్రిఫ్యూజుల వేగమును మార్చుచు, కాపరుల తెరపై మాత్రము అంతయు సవ్యముగా నున్నట్లు చూపినది.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2017 మే 12న లేచిన ‘వాన్నాక్రై’ ఉపద్రవము మరునాటికే మన రాష్ట్రమున చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం జిల్లాలతోపాటు శ్రీకాకుళం జిల్లా పోలీసు కంప్యూటర్లను సైతము తాకినది. చెన్నై దగ్గరి రెనో-నిస్సాన్ కారు కర్మాగారమును బాధించినది. విచారకరమైన సంగతి యేమన, దానికి విరుగుడును మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు నెలల ముందే, మార్చి 14ననే, విడుదల చేసియుండెను. 2020 అక్టోబరు 22న డాక్టర్ రెడ్డీస్ సంస్థపై దాడి జరుగగా, సంస్థ తన డేటా కేంద్రముల సేవలన్నిటిని వేరుపరచినది. అది సొమ్ము కోరు రాన్సమ్‌వేర్ దాడి యని తరువాత తెలిపినది. ఆ సంస్థ మందుల కర్మాగారములు శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం ప్రాంతమున గూడ కలవు.

మందుల తయారీలో వేడిమి, ఒత్తిడి, పాళ్ళు తప్పరాదు. తెర యొకటి చూపి పాత్రలో మరియొకటి జరిగినచో, దగ్గరనున్న పనివాని ప్రాణమునకును, ఎక్కడనో ఆ మాత్ర మ్రింగు రోగి ప్రాణమునకును ముప్పు.

మరి రక్ష యేమి? ఆఫీసు వలయమును, యంత్రముల వలయమును వేరుచేసి నడుమ కావలి నుంచవలెను. ఐ.ఇ.సి. 62443 ప్రమాణము బోధించునది ఇదే. దూరమునుండి మరమ్మతు చేయువారికి అవసరమైనంతసేపే దారి తెరువవలెను. పి.ఎల్.సి. ఆజ్ఞల ప్రతి వేరుచోట భద్రపరుపవలెను. ఆపదలో యంత్రము నాపు మీట కంప్యూటరుపై ఆధారపడరాదు. చెప్పుట సులువే, రాత్రింబగళ్ళు నడుచు కర్మాగారమును కొత్త దిద్దుబాటుకొరకు ఆపుట యాజమాన్యమునకు కష్టము. అందుకే పాత లోపములు ఏండ్లతరబడి నిలిచిపోవును.

దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు కాకుండుటకు, దాడి తెలిసిన ఆరు గంటలలో తెలుపవలెనని కేంద్రప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించినది.

కడపట ఇంటివారికి మా మనవి యొకటి. మీ ఇంటినుండి షిఫ్టునకు వెళ్ళు అబ్బాయి పాటలు నింపిన పెన్‌డ్రైవును కర్మాగారపు కంప్యూటరునకు పెట్టరాదు. ఛార్జింగుకొరకు ఫోనును సైతము దానికి తగిలింపరాదు. అన్నపు క్యారేజీ అందించునప్పుడు ఈ మాట కూడ చెప్పి పంపుడు.