స్నానచూర్ణం, సున్నిపిండి: మునిర్కా నుండి ఒక పరిశీలన

దక్షిణ ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికీ రామకృష్ణపురానికీ చేరువలో ఉన్న మునిర్కా ఒకప్పుడు జాట్ల గ్రామం. నేడది అద్దె గదుల పేట. విద్యార్థులుగానూ ఉద్యోగులుగానూ అక్కడ నివసించే తెలుగువారు ఇంట సున్నిపిండి చేసుకొనదలచినచో మొదట ఎదురయ్యేది సరుకుల కొరత కాదు, పేర్ల చిక్కు. తుంగముస్తలు అక్కడ నాగర్‌మోథా, బావంచాలు బాకుచీ, వట్టివేరు ఖస్, వస బచ్, కుంకుడుకాయ రీఠా. పేరు తెలిసిన పిదప పేటలో దొరకనిది పాత ఢిల్లీ ఖారీ బావలీలో దొరుకుతుంది. వినయపిటకంలోని స్నానద్రవ్యాలను గుర్తించుటలో పరిశోధకులు పడే పాటు కూడా ఇటువంటిదే. వస్తువు మన వంటింటిలోనే ఉండగా, పేరు మాత్రం పరాయిదై కనిపిస్తుంది.

మహావగ్గంలోని భేసజ్జక్ఖంధకం ఈ విషయంలో ముఖ్యమైన ఆధారం. ఆనందుని ఉపాధ్యాయుడైన బేలట్ఠసీసునికి చర్మవ్యాధి సోకగా, పుండ్ల రసికి చీవరాలు ఒంటికి అంటుకొనిపోయేవి. తోటి భిక్షువులు వాటిని నీటితో తడిపి తీయవలసివచ్చేది. అది చూచిన బుద్ధుడు దురద, కురుపులు, రసి, దేహదుర్గంధం గల భిక్షువులకు ఔషధచూర్ణాలను అనుమతించాడు. ఆరోగ్యవంతులకు పేడ, మట్టి, మరిగించిన రంగుద్రవ్యం చాలునన్నాడు. వెంటనే రోలు, రోకలి, చూర్ణపు జల్లెడ, అటుపై వస్త్రపు జల్లెడ అనుమతులలో చేరాయి. ఈ క్రమం గమనింపదగినది. చూర్ణం బజారు వస్తువుగా గాక, విహారంలోనే దంచి జల్లించుకొనే వస్తువుగా ఇక్కడ కనిపిస్తుంది. దానికి హేతువు రోగం, అలంకారం కాదు.

గృహస్థుల స్నానపు తీరు ఎట్టిదో దీఘనికాయంలోని సామఞ్ఞఫలసుత్తం చూపుతుంది. ప్రథమధ్యానంలోని ప్రీతిసుఖాలు దేహమంతటా వ్యాపించుటకు అక్కడ చెప్పిన ఉపమానం స్నానం చేయించేవానిది. అతడు కంచుపళ్లెంలో చూర్ణం చల్లి, నీరు చిలకరిస్తూ కలుపుతాడు. ముద్ద లోపలా వెలుపలా తడిసినా చుక్క నీరు కారదు. నలుగు పెట్టుటకు పెసరపిండి కలిపిన చేతికి ఈ ఉపమానం వ్యాఖ్యానం లేకనే బోధపడుతుంది. నీరు ఒక్క చెంచా ఎక్కువైతే ముద్ద జారిపోతుంది, తక్కువైతే పొడి రాలిపోతుంది. సూత్రం ఏ గింజల చూర్ణమో చెప్పదు. పాలి ‘చుణ్ణం’, సంస్కృత ‘చూర్ణం’, మన ‘సున్నం’ ఒకే కుటుంబపు మాటలు. సున్నిలోని ‘సున్ని’ కూడ ఆ చాయలోనే వినిపిస్తుంది గాని, వినికిడి పోలికను వ్యుత్పత్తిగా స్వీకరించరాదు.

ఇట్టి వ్యాసాలు సాధారణంగా దాటవేసే భాగం ఒకటి ఉన్నది. చుల్లవగ్గంలోని భిక్ఖునీక్ఖంధకం భిక్షుణులకు చూర్ణస్నానాన్ని నిషేధించి, తవుడును, మట్టిని మాత్రమే అనుమతించింది. పరిమళం కలిపిన మట్టిని సైతం వద్దని, సాధారణమైన మట్టి చాలునన్నది. పరిమళద్రవ్యాలతోనూ, వాసన కట్టిన నువ్వులపిండితోనూ స్నానం చేయుటను భిక్షుణీ ప్రాతిమోక్షం పాచిత్తియ దోషాలుగా లెక్కించింది. కామభోగులైన గృహిణులవలె ఉన్నారన్న లోకనింద ఈ నియమాలకు కారణంగా చెప్పబడినది. భిక్షువుల విషయంలో రోగం ప్రమాణం కాగా, భిక్షుణుల విషయంలో చూచేవారి మాట ప్రమాణమైనది. ‘బుద్ధుని నాటి మూలికాస్నానం’ అంటూ అమ్మకానికి వచ్చే పొట్లాల విషయంలో ఈ భేదాన్ని మరువరాదని నా అభిప్రాయం. అందరికీ ఒకే విధంగా అందిన సంప్రదాయమేదీ అక్కడ లేదు.

తరువాతి కాలంలో చూర్ణం దూరప్రయాణం చేసింది. చైనాలో కూర్చబడినదని పండితులు భావించే బ్రహ్మజాలసూత్రం భిక్షువు వెంట ఉండవలసిన 18 వస్తువులలో పళ్లపుల్ల పక్కనే పప్పుగింజల స్నానపిండిని చేర్చింది. 7వ శతాబ్దిలో నలందలో నివసించిన ఇత్సింగ్, అక్కడి పదికి పైగా ఉన్న కొలనులకు ఉదయాన గంట మోగగానే వందల కొలది భిక్షువులు స్నానవస్త్రాలతో బయలుదేరుటను వర్ణించాడు. అతడే 703లో చైనా భాషలోకి అనువదించిన సువర్ణప్రభాససూత్రంలో సరస్వతీదేవి చెప్పిన స్నానౌషధాలు 32. వస, గోరోచనం, దిరిసెన, జమ్మి, చందనం, తగరం, తుంగముస్తలు, ఆవాలు, వట్టివేరు అందులోనివి. సమభాగాలుగా తీసి, పుష్యమీ నక్షత్రాన నూరవలెనని విధి. ఇక్కడ స్నానం చికిత్సను దాటి గ్రహపీడాశాంతి అయినది. వినయం నాటి రోలు రోకళ్లకు ఇది చాలా దూరం. అయినా ఆ జాబితాలో కొన్ని మునిర్కా కిరాణా కొట్టులో నేటికీ తూచి ఇచ్చేవే.

మునిర్కాకు తూర్పున బహాపూర్ వద్ద 1966లో వెలుగుచూచిన అశోకుని లఘుశిలాశాసనంలో మూలికల ప్రసక్తి లేదు. మనుషులకూ పశువులకూ ఉపయోగపడే ఔషధమూలికలను నాటించిన సంగతి రెండవ ప్రధాన శిలాశాసనంలో ఉన్నది. అది కర్నూలు జిల్లా ఎర్రగుడిలో చదువవచ్చు. చూర్ణం మట్టిలో మిగలదు, పాత్రలే మిగులుతాయి. విశాఖ తీరాన తొట్లకొండకు ఆ పేరు తెచ్చిన రాతి తొట్లు భిక్షువులు నీటిని ఎట్లు పొదుపు చేశారో చెబుతాయి గాని, ఆ నీటితో ఏమి కలిపి ఒళ్లు రుద్దుకొన్నారో చెప్పవు. అందుకు గ్రంథమూ, ఇంటి ఆచారమూ కలిపి చూడవలసినదే.

నేడు ఇంట చేసుకొనే విధానం సరళమైనది. పెసలు రెండు పాళ్లు, శనగపప్పు ఒక పాలు, కచ్చూరాలు, తుంగముస్తలు, వట్టివేరు తలా కొద్దిగా, చిటికెడు కస్తూరిపసుపు విడివిడిగా గలగలలాడేంత వరకు ఎండబెట్టి విసరవలెను. బావంచాలు సంప్రదాయంలో ఉన్నా వదలివేయుట మేలు. వాటిలోని ద్రవ్యం ఎండ సోకిన చర్మాన్ని కమిలిస్తుంది, చీవరం కప్పని భుజానికి అది హాని. తలకు కుంకుడు రసం వాడేవారికి ఢిల్లీ బోరునీటిలో ఒక లాభం ఉన్నది. కఠినజలంలో సబ్బు తెట్టుకట్టినట్లు కుంకుడు నురుగు తెట్టుకట్టదు. పిండిలో నిలువకు మందేదీ ఉండదు గనుక ఆషాఢం మొదలు భాద్రపదం వరకు పదిహేను రోజులకు సరిపడా మాత్రమే విసరుకొని, తడిచేయి తగలని డబ్బాలో ఉంచవలెను. తుంగముస్తల పీచు చర్మాన్ని గీరుతుంది గనుక, చివర పలుచని నూలుగుడ్డతో మరొకసారి జల్లించవలెను. వినయం అనుమతించిన వస్త్రపు జల్లెడ అదే.